రోజంతా నన్ను నేనే తిట్టుకుంటున్నాను, ఆపడం ఎలా?

గుంటూరు జిల్లాలోని ఒక పట్నం నుంచి 34 ఏళ్ల పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. తొమ్మిదేళ్లుగా ఒక సహకార బ్యాంకులో క్యాష్ కౌంటర్‌లో పనిచేస్తున్నారు. 14 నెలల క్రితం ఒక సాయంత్రం క్యాష్ టాలీ చేస్తే 9,500 రూపాయలు తక్కువ వచ్చాయి. అంటే 19 ఐదువందల నోట్లు. సీసీ కెమెరా ఫుటేజీ తిరగేసినా ఎవరికి ఎక్కువ వెళ్లాయో తేలలేదు. ఆ డబ్బు ఆమే కట్టేశారు. మేనేజరు పెద్దగా ఏమీ అనలేదు కానీ, ఆ రోజు నుంచి తనను తాను తిట్టుకోవడం మాత్రం ఆగలేదట. "నీకు లెక్కలు రావని నాన్న ఊరికే అనలేదు", "జనం డబ్బు ముట్టుకునే అర్హత నీకు లేదు", "దండగమనిషివి" అనే మాటలు కౌంటర్‌లో ఉన్నా, వంటింట్లో ఉన్నా, పడుకున్నా వినిపిస్తూనే ఉంటాయని రాశారు.

రోజుకు దాదాపు 90 మందికి నోట్లు లెక్కపెడతారు. ఒక్కో కట్టను నాలుగైదు సార్లు లెక్కపెట్టందే చేయి వదలదు. లైను పెరిగిపోతోంది, జనం విసుక్కుంటున్నారు. భర్త "లైట్ తీసుకో, పాజిటివ్‌గా ఆలోచించు" అంటారు. ఆయన చెప్పారని అద్దం మీద "నేను సమర్థురాలిని" అని కాగితం అంటించుకుంటే, పొద్దున్నే దాన్ని చూడగానే ఏడుపొచ్చి తీసేశారు. ఆఫీసర్ ప్రమోషన్ పరీక్షకు పేరివ్వడానికి నెల గడువుంది. వీటన్నిటికన్నా ఆమెను కదిలించింది మాత్రం మొన్నటి సంగతి. రెండో తరగతి చదువుతున్న కూతురు డిక్టేషన్‌లో రెండు తప్పులు వచ్చినందుకు పుస్తకం విసిరేసి "నేను వేస్ట్ అమ్మా" అంది. "ఈ తిట్లు ఆపడం ఎలా? పరీక్షకు పేరివ్వనా? నా కూతురికి ఇది అంటుకోకుండా ఏం చేయను?" ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం:

ముందుగా మీ ఉత్తరంలోనే ఉన్న ఒక లెక్క చూద్దాం. రోజుకు 90 మంది, నెలకు 22 పనిదినాలు వేసుకుంటే ఈ 14 నెలల్లో మీ చేతుల మీదుగా 27,720 లావాదేవీలు జరిగాయి. మళ్లీ తేడా వచ్చినట్టు మీరెక్కడా రాయలేదు. ఇది చదవగానే లోపలి నుంచి "అన్నిసార్లు లెక్కపెట్టావు కాబట్టి సరిపోయింది" అనో, "అదృష్టం" అనో వచ్చి ఉంటుంది. వస్తే, అది ఏ మాటల్లో వచ్చిందో అలాగే గుర్తుపెట్టుకోండి. తప్పు జరిగితే అది మీ స్వభావం వల్ల, సరిగ్గా జరిగితే ఇంకేదో కారణం వల్ల అని ఈ గొంతు లెక్క రాస్తోంది. ఇలా రాసే పుస్తకంలో మీ పేరిట జమ ఎప్పటికీ పడదు.

1960ల్లో ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే సైకియాట్రిస్టు డిప్రెషన్‌తో వచ్చినవాళ్లు చెప్పేది వింటూ ఒక సంగతి పట్టుకున్నారు. వాళ్ల దిగులుకు కాస్త ముందు, పిలవకుండానే, మెరుపులా కొన్ని పొట్టి వాక్యాలు వచ్చిపోతున్నాయి. ఎంత వేగంగా వస్తాయంటే మనిషి వాటిని ఆలోచనలుగా గుర్తించడు, జరిగిన నిజాలుగానే తీసుకుంటాడు. వాటికి ఆటోమేటిక్ థాట్స్ అని పేరు పెట్టారు. ఆయన రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ, అంటే ఆలోచనలను పరిశీలించి దిద్దుకునే చికిత్స, అంతా ఆ వాక్యాలను ఒక్క క్షణం ఆపి, ఏమంటున్నాయో చదివి, ఎంతవరకు నిజమో తేల్చడం మీద నడుస్తుంది. మీరు ఇంట్లో చేసుకోగలిగిన భాగం ఇందులో చాలానే ఉంది.

దానికి ముందు అద్దం మీది కాగితం సంగతి. దాన్ని తీసేసి మంచి పని చేశారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో జోఆన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, తమ మీద తమకు తక్కువ అభిప్రాయం ఉన్నవాళ్ల చేత "నేను ప్రేమకు తగిన మనిషిని" అని పదేపదే అనిపించారు. అలా అన్నాక వాళ్ల మనసు తేలికపడకపోగా ఇంకాస్త దిగజారింది. కారణం ఊహించడం కష్టం కాదు. నమ్మని వాక్యం చదవగానే మనసు దానికి ఎదురు సాక్ష్యాలు వెతుకుతుంది. మీకైతే ఆ 19 నోట్లు సిద్ధంగా ఉన్నాయి. పొగడ్త మీకు పనిచేయలేదంటే లోపం మీలో లేదు, ఆ పద్ధతి మీ పరిస్థితికి సరిపడలేదంతే. బలవంతంగా ఆ ఆలోచనే రాకుండా చూసుకుందామన్నా కుదరదు. దేన్ని తలచుకోకూడదని గట్టిగా అనుకుంటామో, అది వచ్చిందా లేదా అని మనసు కాపలా కాస్తూ దాన్నే మళ్లీ తెస్తుంది.

ఇక చేయాల్సింది. జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి కొనండి. ఫోన్‌లో వద్దు, ఫోన్ తీస్తే ఇంకో పది పనులు గుర్తొస్తాయి. పేజీని నాలుగు గళ్లు చేయండి. మొదటి గడిలో ఎప్పుడు, ఏం జరిగింది. రెండో గడిలో లోపల వినిపించిన మాట, ఉన్నది ఉన్నట్టు, మర్యాదగా మార్చకుండా. పక్కనే దాన్ని ఆ క్షణంలో వందకు ఎంత నమ్మారో అంకె. మూడో గడిలో ఆ మాటను విడదీయాలి: ఇందులో జరిగిన పని గురించి ఎంత ఉంది, మనిషి మీద తీర్పు ఎంత ఉంది? నాలుగో గడిలో మీ జవాబు, మళ్లీ నమ్మకం ఎంతో అంకె.

ఒకటి నింపి చూపిస్తాను. మధ్యాహ్నం 12:40. పెన్షన్ తీసుకునే పెద్దాయన నోట్లు లెక్కపెట్టుకుని "ఒకటి తగ్గిందమ్మా" అన్నారు. మళ్లీ లెక్కపెడితే సరిపోయింది, రెండు నోట్లు అతుక్కున్నాయి. లోపల వచ్చిన మాట: "చూశావా, నీ మొహానికి ఇదే ఎక్కువ." నమ్మకం 85. విడదీస్తే పని భాగం: రెండు నోట్లు అతుక్కున్నాయి, ఇచ్చిన మొత్తం సరిగ్గానే ఉంది. తీర్పు భాగం: మిగతాదంతా. జవాబు: "లెక్క సరిగ్గా ఉంది. కొత్త నోట్లు అతుక్కుంటాయి, రేపటి నుంచి కొత్త కట్టయితే ఇచ్చే ముందు ఒకసారి విదిలిస్తాను." ఇప్పుడు నమ్మకం 60. 85 నుంచి సున్నాకు రావాలని చూడకండి. 20, 25 తగ్గితే ఆ పూట పని జరిగినట్టే.

ఆ జవాబులో "నేను చాలా మంచి క్యాషియర్‌ని" అనే మాట లేకపోవడం గమనించండి. జవాబుకు మూడు లక్షణాలుంటే చాలు. అది జరిగిన పనికే పరిమితం కావాలి. మీరు కనీసం సగం నమ్మగలిగేదై ఉండాలి. దిద్దుకోవాల్సింది ఏమైనా ఉంటే అది చెప్పాలి, లేకపోతే లేదని చెప్పాలి. తప్పు నిజంగా జరిగిన రోజున కూడా ఈ పద్ధతి నిలబడుతుంది. "ఈ రోజు వోచర్ మీద తేదీ తప్పు వేశాను, దిద్ది సంతకం పెట్టించాను" అని రాస్తే అందులో బుజ్జగింపు లేదు, తిట్టూ లేదు.

ఎప్పుడు రాయాలనేది కూడా ముఖ్యమే. కౌంటర్ ముందు జనం ఉండగా వద్దు. మాట వచ్చినప్పుడు పాత స్లిప్పు వెనక రెండు ముక్కలు గీసుకోండి. భోజనం వేళ, ఇంటికెళ్లాక ఐదేసి నిమిషాలు కూర్చుని గళ్లు నింపండి. రోజుకు రెండు మూడు చాలు, అన్నీ రాయనక్కర్లేదు. రాత్రి పక్క ఎక్కాక అస్సలు వద్దు, అప్పుడు జవాబు రాయడం పోయి విచారణ మొదలవుతుంది. అప్పుడు మాట వస్తే "రేపు ఆరున్నరకు చూస్తా" అని ఒక్క ముక్క రాసి మూసేయండి, మర్నాడు ఆ వేళకు నిజంగా చూడండి. అలా చూడకపోతే మనసు రెండోసారి ఆ వాయిదా ఒప్పుకోదు.

ఎక్కడ దెబ్బతింటారో కూడా ముందే తెలిసి ఉండడం మంచిది. మొదటి వారం తిట్లు పెరిగినట్టు అనిపిస్తుంది. ఇన్నాళ్లూ గమనించకుండా వదిలేసినవి ఇప్పుడు కంటపడతాయి కాబట్టి. చాలామంది ఇక్కడే పుస్తకం పక్కన పడేస్తారు. మూడు వారాలు కొనసాగిస్తే మీ తిట్లు నిజానికి ఐదారే అని, అవే తిరిగి తిరిగి వస్తున్నాయని కనిపిస్తుంది. అప్పటికి జవాబులూ చేతిలో సిద్ధంగా ఉంటాయి. రెండో ఇబ్బంది, నాలుగో గడి పేజీలకు పేజీలు పెరగడం. రెండు వాక్యాలు దాటితే మీరు గొంతుతో వాదనకు దిగారన్నమాట. వాదనలో అది అలిసిపోదు, మీరే అలిసిపోతారు.

జవాబు రాయడానికి మాటలు దొరకనప్పుడు మిమ్మల్ని మీరు పేరు పెట్టి పిలుచుకోండి. అమెరికాలో ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒత్తిడి కలిగించే పని ముందు "నేను" అనే బదులు సొంత పేరుతో తమతో తాము మాట్లాడుకున్నవాళ్లు ఆ తర్వాత తక్కువ కుమిలిపోయారు. మీ పక్క సీట్లో కొత్తగా చేరిన అమ్మాయికి ఇలాగే జరిగితే "ఏం కాలేదమ్మా, ఇంకోసారి చూడు" అంటారు కదా. ఆ గొంతుతో మీ పేరు పిలవండి. ఒక జాగ్రత్త. నాన్నగారు కోప్పడేటప్పుడు ఏ పేరుతో పిలిచేవారో ఆ పేరు వాడకండి. స్నేహితురాళ్లు పిలిచే పేరు వాడండి.

ఇప్పుడు నాలుగైదు సార్లు లెక్కపెట్టడం గురించి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. తిట్టుకోవడం మానేస్తే జాగ్రత్త పోతుందని, ఆ గొంతే మిమ్మల్ని కాపాడుతోందని మీకు లోపల ఎక్కడో నమ్మకం ఉంది. "అది లేకపోతే ఇంకా ఎన్ని తప్పులు చేసేదాన్నో" అని మీరే రాశారు. దీన్ని సవాలు చేయాలి. నెదర్లాండ్స్‌లో మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ 2003లో ఒక ప్రయోగం ప్రచురించారు. కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్ చూపించి, కొందరి చేత దాన్ని మళ్లీ మళ్లీ వెలిగించి ఆర్పి సరిచూసుకోమన్నారు. చివర్లో అడిగితే వాళ్ల జ్ఞాపకం తప్పేమీ కాలేదు కానీ, దాని మీద వాళ్లకున్న నమ్మకం మాత్రం బాగా పడిపోయింది. ఎన్నిసార్లు చూసుకుంటే అంత అనుమానం మిగులుతుంది. ఐదోసారి లెక్కపెట్టేటప్పుడు అది ఐదో లెక్కా, నాలుగోదా అన్నదే కలిసిపోతుంది. అనుమానం పెరిగితే తిట్టుకోవడానికి కొత్త సందు దొరుకుతుంది, తిట్లు పెరిగితే ఆరోసారి లెక్క. మీ లైను పెరగడానికి కారణం ఈ సుడి, మీ చేతకానితనం కాదు.

కాబట్టి హద్దు పెట్టుకోండి. మీ బ్రాంచిలో ఉన్న నియమం ఏదో అదే హద్దు. మెషిన్‌లో ఒకసారి, చేత్తో ఒకసారి అనుకుందాం. మెషిన్ లెక్క, చేతి లెక్క కలవకపోతే కలిసేదాకా మళ్లీ చూడాలి, అది పని. రెండూ కలిశాక వచ్చే మూడో లెక్క గుబులు కోసం చేసేది. ఒక్కసారిగా రెండుకు దిగలేకపోతే మొదటి వారం మూడు, తర్వాత రెండు. కలిసిన కట్టను వదిలేసిన వెంటనే గుండె దడదడలాడుతుంది. ఏమీ చేయకుండా తర్వాతి టోకెన్ పిలవండి. కాసేపటికి ఆ గుబులు దానంతటదే దిగుతుంది, ఇలా దిగడం కొన్ని రోజులు చూశాక మనసుకు అలవాటవుతుంది. పక్కవాళ్లను "ఒకసారి చూడవా" అని అడగడం, ఇంటికెళ్తూ ప్రతి లావాదేవీ తలలో తిప్పుకోవడం కూడా లెక్కపెట్టడం కిందికే వస్తాయి. చేయి ఆగి ఇవి మొదలైతే హద్దు దాటినట్టే. ఇంట్లో కూడా తాళాలు, గ్యాసు ఇలాగే పదేపదే చూస్తుంటే, లేదా ఈ హద్దు నెల రోజులు ప్రయత్నించినా కుదరకపోతే సైకియాట్రిస్టును కలవండి. దీనికి ప్రత్యేకమైన చికిత్స ఉంది.

మేనేజరుతో మాట్లాడాలా అన్నది మీ ఇష్టం. మాట్లాడితే కొన్నాళ్లు రద్దీ తక్కువుండే సీటు దొరకొచ్చు, ఊపిరి తీసుకోవచ్చు. దాని నష్టం, క్యాష్‌కు దూరంగా ఉన్నకొద్దీ తిరిగి కూర్చోవడం కష్టమవుతుంది. సీటు మారాలనుకుంటే తిరిగొచ్చే తేదీ ముందే మాట్లాడుకుని మారండి.

ప్రమోషన్ పరీక్ష విషయంలో నేను ఇవ్వమనీ చెప్పను, మానమనీ చెప్పను. ఒక పరీక్ష మాత్రం పెట్టుకోండి. ఈ గొంతు ఒక్క నెల పాటు మూగబోయిందనుకోండి. అప్పుడు మీరేం చేసేవారు? అప్పుడు కూడా "పాప చిన్నది, ఆఫీసరైతే వేరే ఊరు బదిలీ, ఈ ఏడాది కాదు" అనిపిస్తే అది మీ నిర్ణయం, గౌరవంగా వాయిదా వేయండి. అప్పుడైతే ఇచ్చేదాన్నే అనిపిస్తే, ఇప్పుడు మానడం వల్ల రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఆ తర్వాత "పరీక్షకు కూడా భయపడ్డావు" అనే కొత్త తిట్టు చేరుతుంది. ఇచ్చి తప్పితే మాత్రం? ఆ తిట్టు ఏమంటుందో మీకు ఇప్పుడే తెలుసు. దాన్ని నోట్‌బుక్‌లో రాసి, పక్కన జవాబూ ఇవాళే రాసిపెట్టండి. ఫలితాల రోజున ఆలోచించే ఓపిక ఉండదు. "పేరిచ్చి పెడదాం, చదవడం సంగతి తర్వాత చూద్దాం" అనే మూడో దారి మాత్రం మీకు మంచిది కాదనిపిస్తోంది. సగం చదివి రాసిన పరీక్షలో వచ్చే మార్కులు మీ సంగతి ఏమీ చెప్పవు, కానీ గొంతు వాటినే రుజువుగా చూపిస్తుంది.

పాప గురించి ఎక్కువ భయపడకండి. ఆ మాట బడిలో విన్నదైనా కావచ్చు. ఎక్కడ విన్నా, పిల్లలు పెద్దలు తప్పు చేసినప్పుడు ఏమంటారో చూసి నేర్చుకుంటారు. అందుకే ఇంట్లో తిట్టుకోవడం పూర్తిగా ఆగేదాకా ఎదురుచూడనక్కర్లేదు. దిద్దుకోవడాన్ని పైకి వినిపించండి. పాలు పొంగిపోతే "అయ్యో, పొంగాయి. స్టవ్ కట్టేశాను, తుడిచేస్తున్నా, రేపు మంట తగ్గిస్తా" అనండి. పొరపాటున "నా బుర్ర పనిచేయదు" అని నోరు జారితే పాప ముందే దిద్దండి: "అలా అనకూడదు. పాలు పొంగాయి, అంతే." తను "నేను వేస్ట్" అన్నప్పుడు "కాదు బంగారం, నువ్వు సూపర్" అనకండి, అది అద్దం మీది కాగితం లాంటిదే. "ఏ రెండు పదాలు తప్పాయి, చూపించు" అని పుస్తకం తెరవండి. ఒకటి ఇద్దరూ కలిసి రాయండి, రెండోది తననే రాయనివ్వండి.

మీవారిని కూడా ఇందులోకి తెచ్చుకోవచ్చు. ఆయన ప్రేమతోనే చెబుతున్నారు, ఏం చెప్పాలో తెలియదంతే. స్పష్టంగా అడగండి: "నేను నన్ను తిట్టుకుంటే సలహా ఇవ్వొద్దు, ఏం జరిగింది అని మాత్రం అడుగు." ఆ ప్రశ్న మిమ్మల్ని తీర్పు నుంచి సంఘటన దగ్గరికి లాక్కొస్తుంది.

నాన్నగారిని నిలదీయాలా అని ఒక మూల అడిగారు. నిలదీస్తే కొందరు తండ్రులు కరుగుతారు, కొందరు "నీ మంచికే అన్నాను" అంటారు. రెండో జవాబు వచ్చినా తట్టుకోగలననుకుంటేనే అడగండి. అడగకపోయినా మీరు బాగుపడగలరు. ఆ మాట ఆయన అన్నదే అయినా, ఇప్పుడు మళ్లీ మళ్లీ అంటున్నది మీలోని గొంతు. పని దానితోనే.

చివరిగా, ఇంట్లో చేసుకునేది చాలదని ఎలా తెలుస్తుంది? రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉన్నా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయినా, నిద్ర, ఆకలి బాగా మారినా, తిట్లు "నేను లేకపోతేనే వీళ్లకు నయం" అనే వరకు వెళ్లినా ఆగకుండా సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో కలవండి. మీ ఉత్తరంలో ఆ చివరి మాట లేదు. ఎప్పుడైనా వస్తే ఆ రోజే మీవారికి చెప్పండి, టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణాలకు ముప్పు అనిపించే పరిస్థితయితే మాత్రం ఫోన్‌తో ఆగకుండా వెంటనే దగ్గరి పెద్దాసుపత్రికి వెళ్లాలి. అంత తీవ్రంగా లేకపోయినా, నీరసం, మతిమరుపు కూడా ఉంటే ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. అవి తేడాగా ఉంటే మనసు మబ్బుగా ఉండటానికి అదీ ఒక కారణం కావచ్చు.

సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాలనుకుంటే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ చేస్తారా అని ముందే ఫోన్‌లో అడగండి. సాధారణంగా వారానికొక సెషన్, కొన్ని నెలలు పడుతుంది. ఒక్కో సెషన్‌కు ఎంత, మధ్యలో ఇంటిపని ఇస్తారా అన్నవి కూడా మొదటి రోజే తేల్చుకోండి. మీరు నింపిన నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి, మూడు వారాల పేజీలుంటే మొదటి రెండు సెషన్ల పని అప్పటికే అయిపోయినట్టు.